నిలబడి చూస్తే ఏం కనిపించాలి? గెటిస్‌బర్గ్ రణభూమిని తిరిగి తీర్చిదిద్దిన తీరు

అమెరికాలోని గెటిస్‌బర్గ్ ఊరి నుంచి నైరుతి దిక్కుగా పోయే ఎమిట్స్‌బర్గ్ రోడ్డుకు రెండు పక్కలా కర్ర కంచె ఉంటుంది. నిలువు గుంజలు, వాటికి అడ్డంగా బిగించిన మొరటు చెక్కలు, అంతే. కారులో పోయేవాళ్లు దాన్ని పశువుల కోసం కట్టిన కంచె అనుకుని వెళ్లిపోతారు. అమెరికా అంతర్యుద్ధంలో, 1863 జూలై 3 మధ్యాహ్నం, దక్షిణాది సైనికులు దాదాపు 12,500 మంది, మైలుకు కాస్త తక్కువ దూరం ఆరుబయట నడిచి ఈ రోడ్డు దగ్గరికి వచ్చారు. చాలాచోట్ల కంచె అలాగే నిలిచి ఉంది. ఎక్కి దూకాలి, రోడ్డు దాటాలి, మళ్లీ అవతలి కంచె ఎక్కాలి. ఎక్కుతున్నంతసేపూ ఎదురుగా మిట్ట మీదున్న ఉత్తరాది ఫిరంగులకు, తుపాకులకు వాళ్లు తిన్నగా కనిపిస్తూనే ఉన్నారు. అప్పటిదాకా నిలబెట్టుకుంటూ వచ్చిన వరుసలు అక్కడే చెదిరాయి. చరిత్రలో 'పికెట్ దాడి' అని పేరు పడిన ఆ ప్రయత్నం విఫలం కావడానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఈ రెండు వరుసల కర్రలూ ఒకటి.

ఆ కంచె లేని పొలంలో నిలబడితే, ఆ సైనికులు పరుగున ఎందుకు దాటిపోలేకపోయారో సందర్శకుడికి అర్థం కాదు. యుద్ధభూమిని పార్కుగా తీర్చిదిద్దే పనిలో ఉన్న కష్టమంతా ఇక్కడే ఉంది. కోటను కాపాడాలంటే గోడను నిలబెడితే చాలు, గుడిని కాపాడాలంటే శిల్పాన్ని నిలబెడితే చాలు. యుద్ధం జరిగిన పొలంలో కాపాడాల్సింది చూపు. ఎక్కడ నిలబడితే ఎంతవరకు కనిపించింది, ఏది కనిపించకుండా పోయింది, ఏది అడ్డొచ్చింది, ఏది చాటిచ్చింది అన్నవన్నీ నిలవాలి. విగ్రహాలు, ఫలకాలు ఎన్ని పెట్టినా ఆ చూపు పోతే అది రాళ్లు పాతిన మైదానమే.

గెటిస్‌బర్గ్ యుద్ధం 1863 జూలై 1 నుంచి 3 వరకు పెన్సిల్వేనియా రాష్ట్రంలో జరిగింది. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి విడిపోయిన దక్షిణ రాష్ట్రాల సేనకు రాబర్ట్ లీ, ఉత్తరాది సేనకు జార్జ్ మీడ్ నాయకులు. మూడు రోజుల్లో చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు, పట్టుబడినవాళ్లు, జాడ తెలియనివాళ్లు అందరూ కలిపి సుమారు 51,000 మంది. లీ వెనుదిరిగాడు. అదే ఏడాది నవంబర్ 19న సైనికుల శ్మశానవాటికను అంకితం చేస్తూ అబ్రహాం లింకన్ చేసిన కొద్ది నిమిషాల ప్రసంగాన్ని అమెరికా బడిపిల్లలు ఈనాటికీ వల్లెవేస్తారు. వర్జీనియా, మేరీలాండ్, న్యూజెర్సీల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ఊరు ఒక్కరోజు ప్రయాణం. సెలవు రోజున పిల్లల్ని తీసుకెళ్లి చూపించి వచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు.

ఆ పిల్లలు ఇప్పుడు చూస్తున్న పొలం 30 ఏళ్ల కిందట ఇలా లేదు. యుద్ధం నాటి నుంచి అలాగే మిగిలిపోయిన నేల అనిపించే దానిలో చాలా భాగం 1999 తర్వాత చేసిన పని. పార్కును చూసుకునే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్ ఆ ఏడాది ఖరారు చేసిన నిర్వహణ ప్రణాళిక మొత్తం ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఈ గట్టు, ఈ తోట, ఈ తోపు ఆ మూడు రోజుల్లో సైనికుడికి ఏం చేసింది? అమెరికా సైన్యం ఏ నేలనైనా చదవడానికి వాడే పద్ధతినే ఇక్కడా వాడారు. ఎక్కడి నుంచి ఎంత దూరం కనిపిస్తుంది, ఎక్కడ దాక్కోవచ్చు, ఏది అడ్డుపడుతుంది, ఏ మెరక చేతిలో ఉంటే గెలుపు దగ్గరవుతుంది, ఏ దారిన దళం నడవగలదు అని చూశారు. ఈ ఐదింటిలో దేనిలోనైనా పాత్ర ఉన్న చెట్టు, కంచె, తోట తిరిగి రావాలి. పాత్ర లేకపోగా చూపుకు అడ్డం వచ్చేవి పోవాలి. వినడానికి తేలిక. పోవాల్సినవాటి లెక్క తేలాక తేలికగా అనిపించలేదు. యుద్ధం తర్వాత మొలిచి పెరిగిన చెట్లే 576 ఎకరాల్లో ఉన్నాయి.

ఏ చెట్టు అప్పటిది, ఏది తర్వాతది అన్నది ఎలా తెలిసింది? దీనికి జవాబులో పెద్ద భాగం ఒకే మనిషి చేతి చలవ. యుద్ధం రెండో రోజు మధ్యాహ్నం, మీడ్ దగ్గర ముఖ్య ఇంజనీరుగా ఉన్న గవర్నర్ వారెన్ లిటిల్ రౌండ్ టాప్ అనే గుట్ట ఎక్కాడు. గవర్నర్ అన్నది అతని పేరే, పదవి కాదు. ఆ గుట్టకు పడమటి వైపు చెట్లను అంతకుముందే కొట్టేసి ఉండటంతో కిందున్న పొలాలు, ఎదుటి అడవి అంచు బాగా కనిపించాయి. గుట్ట మీద సిగ్నళ్లు పంపే కొద్దిమంది తప్ప ఉత్తరాది సేన లేదని, శత్రువు అటే వస్తున్నాడని అతనికి అర్థమైంది. వెంటనే దళాల కోసం కబురు పంపాడు. అవి సమయానికి ఎక్కడం వల్లే గుట్ట దక్కింది. ఆ చెట్లు కొట్టకుండా ఉంటే వారెన్‌కు ఏం కనిపించేదో ఎవరూ చెప్పలేరు.

యుద్ధం ముగిసిన ఐదేళ్లకు, 1868, 1869ల్లో, ఈ రణభూమిని సర్వే చేసి పటం గీయించే పనికి కూడా ఆ వారెనే పెద్దయ్యాడు. అతని పటంలో కొండలు, వాగులతో పాటు ఎవరి చేను ఎక్కడ ముగుస్తుంది, ఏది పండ్ల తోట, ఎక్కడ అడవి, ఎక్కడ రాతి గోడ, ఎక్కడ కర్ర కంచె అన్నవీ ఉన్నాయి. 130 ఏళ్ల తర్వాత పార్కు వాళ్లు చెట్టు కొట్టాలన్నా, మొక్క నాటాలన్నా ముందు విప్పి చూసింది ఆ పటమే. దానికి తోడు యుద్ధం ముగిసిన కొద్ది రోజులకే వచ్చిన అలెగ్జాండర్ గార్డ్‌నర్, తిమోతీ ఓసల్లివన్, కాస్త ఆలస్యంగా వచ్చిన మాథ్యూ బ్రేడీ తీసిన ఫోటోలున్నాయి. శవాల కోసం, శిథిలాల కోసం తీసిన ఆ బొమ్మల్లో వెనకాల కనిపించే కంచె ఆకారం, చెట్ల వరుస, ఇంటి కప్పు ఈనాటి ప్రణాళికకు ఆధారాలయ్యాయి. ఫోటో తీసినవాళ్లు వాటిని గమనించి కూడా ఉండరు.

కంచెల సంగతే తీసుకుంటే, అన్నీ ఒకే రకం కావు. గుంజలు పాతి పలకలు బిగించినవి కొన్ని. గుంజ అన్నదే లేకుండా చీల్చిన దుంగల్ని మెలికలు మెలికలుగా ఒకదానిమీద ఒకటి పేర్చినవి కొన్ని. రాతి గోడలు ఇంకొన్ని. మెలికల దడిని సైనికులు నిమిషాల్లో ఊడదీసి, ఆ దుంగలతోనే అడ్డుగోడ కట్టుకోగలిగేవారు. గుంజ పాతిన కంచె అలా ఊడిరాదు, ఎక్కాల్సిందే. కాబట్టి ఏదో ఒక పాతకాలపు కంచె కట్టేస్తే సరిపోదు. ఎమిట్స్‌బర్గ్ రోడ్డు పక్కన మెలికల దడి పెట్టినట్లయితే ఆ మధ్యాహ్నం కథే మారిపోయేది.

చెట్ల దగ్గర గొడవ మొదలైంది. పార్కు అంటే పచ్చదనం అని అలవాటైన కళ్లకు, పార్కు వాళ్లే రంపాలు పట్టుకుని వందల ఎకరాల చెట్లు కొట్టడం ఘోరంగా తోచింది. ఆ బాధ అబద్ధం కాదు. కానీ ఆ చెట్లు ఎందుకు పెరిగాయో కూడా చూడాలి. 1863లో అవి రైతుల చేలు, పచ్చిక బయళ్లు. పశువులు మేయడం, కట్టెలు కొట్టుకోవడం ఆగిపోయాక పొదలు లేచాయి, పొదలు అడవయ్యాయి. యుద్ధంలో ఒకరినొకరు కాల్చుకున్న రెండు దళాల స్థానాల్లో నిలబడితే, ఒకచోటి నుంచి ఇంకోచోటు కనిపించని పరిస్థితి వచ్చింది. గైడు ఎంత బాగా చెప్పినా ఎదురుగా చెట్ల గోడే. కొట్టేసిన చోట్ల గడ్డి మైదానాలు తిరిగి వచ్చాయి, రైతులకు కౌలుకిచ్చిన చేలల్లో పంటలు వేస్తున్నారు. ఈ పార్కులో ఇప్పటికీ సేద్యం జరుగుతోందన్నది చాలామందికి తెలియదు. 6,000 ఎకరాలను కోత యంత్రంతో గడ్డి కోయించి బోడిగా ఉంచడం కంటే దున్నించడమే చవక, అదే నిజానికీ దగ్గర.

ఇంకో సమస్య జింకలది. అడవుల్లో పాత చెట్లు చచ్చిపోతున్నా కొత్త మొక్కలు లేవడం లేదని, చేలల్లో పంట మిగలడం లేదని గమనించారు. తోకకింద తెల్లగా ఉండే జింకల మందలు మొలకల్ని మొలకల్లోనే కొరికేస్తున్నాయి. యుద్ధనాటి తోపులు యుద్ధనాటిలా ఉండాలంటే జింకలు తగ్గాలి. 1995 నుంచి పార్కు వాళ్లు వాటిని వేటాడి తగ్గిస్తూ వస్తున్నారు. ఆ మాంసం పేదలకు భోజనం పెట్టే సంస్థలకు వెళుతుంది. చరిత్రను కాపాడే ఉద్యోగంలో చేరినవాళ్లు జింకల లెక్కలు రాసుకోవాల్సి రావడం ఈ పని ఎంత దూరం పాకుతుందో చెబుతుంది.

ఈ నేలను కాపాడాలన్న తపన కొత్తది కాదు. యుద్ధం జరిగిన నెల తిరక్కుండానే స్థానిక వకీలు డేవిడ్ మెకానగీ ముఖ్యమైన మెరకల్ని కొనడం మొదలుపెట్టాడు. 1864లోనే ఒక సంస్మరణ సంఘం ఏర్పడింది. 1890ల్లో ఒక కంపెనీ సందర్శకుల్ని తిప్పడానికి రణభూమి మీదుగా ఎలక్ట్రిక్ ట్రాలీ పట్టాలు వేస్తూ బండలు పేల్చడంతో గొడవ కోర్టుకెక్కింది. యుద్ధభూమిని కాపాడటం ప్రజా ప్రయోజనమేనని, అందుకోసం ప్రభుత్వం భూమి సేకరించవచ్చని 1896లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. చారిత్రక స్థలాల కోసం ప్రభుత్వాలు భూమి తీసుకోవడానికి ఆ దేశంలో ఈ తీర్పే పునాది. ఆలోపే, 1895లో, ఇది జాతీయ సైనిక పార్కయింది. మొదట యుద్ధశాఖ చూసుకునేది, 1933లో నేషనల్ పార్క్ సర్వీస్ చేతికి వచ్చింది.

కొనడం ఆలస్యమైన చోట కట్టడాలు లేచాయి. పికెట్ దాడి ముగిసిన చోటికి కూతవేటు దూరంలో ఒక మోటెల్ ఉండేది. దాన్ని కొని 2003లో తీసేశారు. అంతకంటే పెద్ద పుండు 1974లో ప్రైవేటు స్థలంలో లేచిన ఇనుప టవరు, ఎత్తు 307 అడుగులు. పైనుంచి యుద్ధభూమి అంతా కనిపిస్తుందని దాని ఆకర్షణ. కానీ యుద్ధభూమిలో ఎక్కడ నిలబడినా ఆ టవరే కనిపించేది. దాన్ని కట్టకుండా ఆపాలని పెన్సిల్వేనియా ప్రభుత్వమే కోర్టుకు వెళ్లి 1973లో ఓడిపోయింది. చివరికి కేంద్ర ప్రభుత్వం స్థలాన్ని స్వాధీనం చేసుకుని, 2000 జూలై 3న, యుద్ధం చివరి రోజు వార్షికోత్సవం నాడు, పేలుడు పదార్థాలతో కూల్చేసింది. చూస్తున్న జనం చప్పట్లు కొట్టారు. ఆ టవరు విషయంలో రెండో ఆలోచనకు చోటు లేదు. ఎవరి లాభం కోసమో వేలమంది చనిపోయిన చోట చూపును దోచుకున్న కట్టడం అది.

రిచర్డ్ న్యూట్రా కట్టిన భవనం విషయంలో మాత్రం తీర్పు చెప్పడం అంత తేలిక కాదు. పికెట్ దాడిని గుండ్రటి గోడంతా చుట్టివచ్చేలా పాల్ ఫిలిప్పోటో గీయించిన భారీ వర్ణచిత్రం ఒకటి ఉంది. 1884 నాటిది, పొడవు 377 అడుగులు. దాన్ని పెట్టడానికి పార్క్ సర్వీసే 1962లో పేరున్న ఆధునిక వాస్తుశిల్పి న్యూట్రా చేత జీగ్లర్స్ గ్రోవ్ అనే తోపులో తెల్లటి గుండ్రటి భవనం కట్టించింది. ఉత్తరాది సేన నిలబడ్డ చోటే, సందర్శకుడు అద్దాల్లోంచి రణభూమిని చూస్తూ లింకన్ మాటల్ని తలుచుకోవాలన్నది ఉద్దేశం. నలభై ఏళ్లకు ఆలోచన తిరగబడింది. చిత్రాన్ని 2008లో తెరిచిన కొత్త సందర్శకుల కేంద్రానికి మార్చారు, అది యుద్ధరేఖలకు దూరంగా ఉంటుంది. పాత భవనం మాత్రం కోర్టుల్లో నలిగింది. అది కూడా అమెరికా వాస్తుకళలో ఒక చారిత్రక కట్టడమేనని దాని అభిమానులు, న్యూట్రా కొడుకు పోరాడారు. కూల్చే ముందు చేయాల్సిన పరిశీలన సరిగా చేయలేదని 2010లో కోర్టు పార్క్ సర్వీసును తప్పుబట్టింది కూడా. పరిశీలన పూర్తిచేసి 2013లో కూల్చారు. తోపును మళ్లీ నాటారు, కట్టినప్పుడు పక్కకు జరిపిన స్మారకాలను వాటి పాత చోట్లకు తెచ్చారు.

ఇక్కడే ఈ పనిలోని అసలు చిక్కు బయటపడుతుంది. ఏ ఏడాదికి వెనక్కి వెళ్లాలి? 1863కు అంటే మిగతా 150 ఏళ్లలో అక్కడ జరిగినదంతా చెరిపేయదగ్గదని ఒప్పుకున్నట్టే. అలా పూర్తిగా ఒప్పుకోలేదు కూడా. 1,300కు పైగా స్మారకాలు, గుర్తులు పొలాల్లో నిలబడే ఉన్నాయి. 1863లో అవి లేవు. యుద్ధం చేసినవాళ్లు ముసలివాళ్లయ్యాక వచ్చి, తమ దళం నిలబడ్డ చోట తామే నాటుకున్న రాళ్లు అవి. ఏ రాయి ఎక్కడ ఉండాలన్న దానికోసం ఒక పెన్సిల్వేనియా దళం రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచింది. వాటిని తీసేయాలని ఎవరూ అనలేరు. అంటే పార్కు పూర్తిగా 1863కు వెళ్లలేదు. 1863 నాటి నేల మీద 1890ల నాటి జ్ఞాపకాన్ని ఉంచి, 1962 నాటి జ్ఞాపకాన్ని తీసేసింది. న్యూట్రా భవనం ఉన్న స్థానాన్ని బట్టి ఆ నిర్ణయం సరైనదే అనిపిస్తుంది. అయినా అది నిర్ణయమే. యుద్ధనాటి నేలే తనంతట తాను తిరిగొచ్చిందన్నట్టు చెప్పడం సరికాదు.

సేనలు నిలబడ్డ చోట్లనే చూస్తూ పోతే ఆ పొలాలు ఎవరివో మరుగున పడతాయి. పార్కు వాళ్లు నిలబెట్టిన ఇళ్లు ఈ కొరతను కొంత తీరుస్తున్నాయి. మీడ్ తన మకాం పెట్టుకున్న రెండు గదుల ఇల్లు లిడియా లైస్టర్ అనే వితంతువుది. యుద్ధం తర్వాత తిరిగొచ్చేసరికి గోధుమ పైరు తొక్కుడుపడిపోయింది, ఊట నీళ్లు చెడిపోయాయి, పెరట్లో, పొలంలో 17 చచ్చిన గుర్రాలు. రెండేళ్ల తర్వాత వచ్చిన ఒక రచయితకు ఆమె చెప్పుకున్నది యుద్ధం గురించి కాదు, గుర్రాల గురించి. వాటి ఎముకలు అమ్ముకుంటే నాలుగు డబ్బులొచ్చాయి.

ఆమె ఇంటికి కొద్ది దూరంలోనే, దక్షిణాది దాడి తాకిన మిట్ట మీదే, అబ్రహాం బ్రయన్ ఇల్లు. 12 ఎకరాల రైతు, స్వతంత్రుడైన నల్లజాతి మనిషి. లీ సేన వస్తోందని తెలియగానే ఊళ్లోని నల్లజాతి కుటుంబాలు చాలావరకు పారిపోయాయి, అతనూ భార్యాపిల్లల్ని తీసుకుని వెళ్లిపోయాడు. దొరికినవాళ్లను ఆ సేన పట్టుకుని బానిసలుగా దక్షిణాదికి తోలుకుపోయింది. తిరిగొచ్చాక బ్రయన్ తన నష్టాలకు 1,028 డాలర్లు కోరాడు, దక్కింది 15. ఈ తెల్లటి చిన్న ఇల్లు లేకపోతే, వేలమంది చచ్చింది దేనికోసమన్నది ఆ మిట్ట మీద నిలబడినవాడికి తట్టకపోవచ్చు. పార్కులో తిరిగి నిలబెట్టిన వాటిలో అతి ముఖ్యమైనది ఏదంటే కంచెల కంటే ముందు దీని పేరే చెప్పాలి.

నేలను తిరిగి తెచ్చుకున్నాక దాన్ని మళ్లీ నేలపాలు చేసేవాళ్లు దాన్ని ప్రేమించి వచ్చేవాళ్లే. లిటిల్ రౌండ్ టాప్ మీద వారెన్ కంచు విగ్రహం 1888 నుంచి ఒక బండ మీద నిలబడి పడమటికి చూస్తూ ఉంటుంది. ఆయన చూసిందేదో తామూ చూడాలని ఏటా లక్షల మంది ఆ గుట్టెక్కుతారు. అందరూ అడ్డదారులు తొక్కేసరికి గడ్డి పోయింది, వానకు మట్టి కొట్టుకుపోయింది, యుద్ధంలో కట్టిన రాతి అడ్డుగోడల దగ్గర నేల జారింది. 2022 జూలైలో గుట్టను మూసేసి, కాలిబాటలు, వాన నీటి కాలవలు, బండ్లు నిలిపే చోట్లు మళ్లీ కట్టి, చెదిరిన నేలలో గడ్డి పెంచి 2024 జూన్‌లో తెరిచారు. రెండేళ్లపాటు అంత ప్రసిద్ధమైన చోటును మూసి ఉంచడానికి ధైర్యం కావాలి.

మన దగ్గర యుద్ధభూమిని తలుచుకునే తీరు వేరు. పల్నాటి యుద్ధం జరిగిన కారంపూడిలో నాగులేరు దగ్గర వీరుల గుడి ఉంది. ఏటా కార్తీకంలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు వీరుల ఆయుధాలకు పూజలు చేసి, యుద్ధాన్ని ఘట్టం తర్వాత ఘట్టంగా తలుచుకుంటారు. అక్కడ జ్ఞాపకం నేల ఆకారంలో లేదు, జనం నోట్లో, నడకలో ఉంది. వందల ఏళ్లుగా నిలబడింది కూడా. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధానికి గుర్తుగా ఊళ్లో స్మారక స్తంభం ఉంది. దాని దగ్గర నిలబడ్డవాడు ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు ఎటునుంచి మోగాయో, కోట గోడ ఎక్కడ ఉండేదో ఊహించుకోవాల్సిందే. గెటిస్‌బర్గ్‌లా వేల ఎకరాలు కొనమని ఎవరూ అడగరు. ఊరు పెరిగిపోకముందే ఒక మంచి సర్వే పటం, వారెన్ గీయించినలాంటిది, ఉంటే చాలు. తర్వాతి తరం ఏం చేయాలనుకున్నా దానికి ఆధారం ఉంటుంది.

నేల కింద ఉన్నదాని సంగతి పటాల్లోనూ ఉండదు. 1996లో, మొదటి రోజు యుద్ధం జరిగిన, రైలు దారి కోసం తవ్విన కోత దగ్గర, వానకు కోసుకుపోయిన గట్టులో ఒక సందర్శకుడికి మనిషి ఎముకలు కనిపించాయి. ఏ పక్షం సైనికుడో తేలలేదు. మరుసటి ఏడాది జూలై 1న సైనిక లాంఛనాలతో జాతీయ శ్మశానవాటికలో పూడ్చారు. లోహం పసిగట్టే యంత్రాలతో అక్కడ తవ్వడాన్ని నిషేధించింది ఊరికే కాదు.

2011 ఆగస్టులో రణభూమిలోని కల్ప్స్ హిల్ అనే గుట్ట మీద ఒక పాత ఓక్ చెట్టు కూలి దారికి అడ్డం పడింది. పార్కు సిబ్బంది దాన్ని ముక్కలు కోస్తుంటే రంపం గట్టిగా దేనికో తగిలింది. చూస్తే మానులో తూటాలు. 148 ఏళ్లుగా వాటి చుట్టూ చెట్టు బెరడు మూసుకుని, పొరమీద పొర వేసుకుంటూ పెరిగింది. చుట్టుపక్కల చెట్లలో ఏది కొట్టాలి, ఏది ఉంచాలి అని పటాలు పరిచి లెక్కలు వేసినవాళ్లకు కూడా ఆ మాను లోపలేముందో తెలియదు. తూటాలున్న ఆ దుంగల్ని మ్యూజియం సేకరణలో భద్రపరిచారు.